వెనక తమ్ముడి కారుతో అరోరా నుంచి క్యారీకి

కారుని ట్రెయిలర్ మీద ఎక్కించి, ఆ ట్రెయిలర్‌ని ఇంకో బండికి తగిలించుకుని అయిదారు రాష్ట్రాలు దాటడం మనవాళ్ళెవరూ చేయగా నేను వినలేదు. ఎవరినడిగినా ఒకటే సలహా, "షిప్ చేసేయండి" అని. అందుకే వెళ్ళొచ్చినదాన్ని నేనే రాస్తున్నాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుందని. దారిలో ఒక పెద్ద తప్పు జరిగింది. అది చేసిందీ నేనే.

మా తమ్ముడు దయాకర్‌కి నార్త్ కరోలినాలో, క్యారీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయిన్ అవ్వాలి. వాడికి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఊతకర్రలతో నడుస్తాడు. పదకొండేళ్ళుగా ఇల్లినాయ్‌లో, అరోరాలో మా ఇంట్లోనే ఉంటూ ఇంటి నుంచే పనిచేసుకున్నాడు. చర్చికైనా, డాక్టర్ దగ్గరికైనా, క్షవరానికైనా తీసుకెళ్ళేది నేనే. ఎనిమిది నెలల క్రితం చేత్తో నడిపే కారు ఒకటి తయారు చేయించుకున్నాడు. స్టీరింగ్ పక్కన ఒక లీవర్ ఉంటుంది. కిందికి లాగితే కదులుతుంది, ముందుకు తోస్తే ఆగుతుంది. లైసెన్స్ కూడా వచ్చింది. అయినా వాడు తాళం తీసిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. కొత్త ఉద్యోగంలో రోజూ ఆఫీస్‌కి వెళ్ళాలి. అంటే సోమవారం వాడు మొదటిసారి ఒంటరిగా డ్రైవ్ చేయాలి, దానికి శనివారానికల్లా కారు క్షేమంగా అక్కడికి చేరాలి.

కార్లు చేరవేసే కంపెనీవాళ్ళు తేదీ చెప్పలేమన్నారు. పైగా ఎవరైనా తెలియక ఆ లీవర్ విరగ్గొడితే మళ్ళీ బిగించడానికి నెలలు పడుతుంది. లీవర్ పట్టుకుని గంటకు మించి నడిపితే దయాకర్ భుజం లాగేస్తుంది. వాడి ఎత్తుకి తగ్గట్టు చేయించిన మంచం, స్నానాల కుర్చీ, బల్ల కూడా వెళ్ళాలి. పిల్లల స్కూళ్ళ కోసం మావారు ఇంట్లోనే ఉండాలి. రెండు బండ్లు, ఒక డ్రైవర్. అందుకని ట్రెయిలర్.

ఇక ఏ బండితో లాగాలన్న చర్చ మా ఇంట్లో వారం రోజులు నడిచింది. దయాకర్ లెక్క సూటిగా ఉంది. వాడి కారు రెండు వేల తొమ్మిది వందల పౌన్లు, అద్దెకిచ్చే ట్రెయిలర్ రెండు వేల రెండు వందలు. మొత్తం అయిదు వేల ఒక వంద. మా మినీవ్యాన్ లాగగలిగేది మూడున్నర వేలు, కాబట్టి అది మొదటిరోజే పోయింది. మా ఆడపడుచు వాళ్ళ మూడు వరసల ఎస్‌యూవీ అయిదు వేలు లాగుతుంది. నాకు నడపడం అలవాటున్న బండి, ఎత్తు తక్కువ, వాడు ఎక్కడం తేలిక.

"వంద పౌన్లేగా రా, ఏమవుద్ది?" అన్నాను.

"అక్కా, వంద ఎక్కువంటే ఎక్కువే. మనిద్దరం, సామాను, అవన్నీ ఎవరు మోస్తారు? కొండలు కూడా ఉన్నాయి. నేను సైన్ చెయ్యను" అన్నాడు, నేనేదో దస్తావేజు ముందు పెట్టినట్టు.

చివరికి మా చర్చిలో జాకబ్ అన్న తన పికప్ ట్రక్ ఇచ్చారు. మరీ పెద్దది కాదు, మధ్యరకం, వెనక సీటు కూడా ఉంది. ఆరున్నర వేలు లాగుతుంది, ట్రెయిలర్ తగిలించే కొక్కెం, హిచ్ అంటారు, అది బిగించే ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. అద్దె కార్ల వాళ్ళు చాలామంది తమ బండికి ట్రెయిలర్ తగిలించనివ్వరు. బండి సొంతదో, తెలిసినవాళ్ళదో అయ్యుండాలి. ఆ ట్రక్‌లోకి ఎక్కాలంటే దయాకర్ వంటింటి ప్లాస్టిక్ పీట వేసుకుని, తలుపు పక్క పిడి పట్టుకుని, చేతుల బలం మీద ఒంటిని పైకి లాక్కోవాలి. మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. నేను సాయం చేయబోతే కర్ర అడ్డం పెట్టాడు.

శుక్రవారం ఉదయం ఆరుంపావుకి బయల్దేరాం. పాస్టర్ గారు ముందురోజే వచ్చి రెండు బండ్లకీ, ట్రెయిలర్‌కీ కలిపి ప్రార్థన చేసి వెళ్ళారు. ట్రెయిలర్ అద్దెకిచ్చినావిడ, "కారు ముందు చక్రాలని ట్రెయిలర్‌కి బిగించిన పట్టీలు యాభై మైళ్ళకోసారి చూసుకోండి, వేగం యాభై అయిదు దాటొద్దు" అని రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

షికాగో పక్కగా ట్రాఫిక్‌లో నలభై అయిదుకి మించలేదు. ఇండియానాలోకి వచ్చి దక్షిణానికి తిరిగాక రోడ్డు ఖాళీ అయింది. రెండు పక్కలా గాలిమరలు తిరుగుతున్నాయి. ధైర్యం వచ్చి అరవైకి పోనిచ్చాను. కొంచెం దిగుడు, పక్కనుంచి పెద్ద ట్రక్ ఒకటి దాటింది. మా బండిని వెనకనుంచి ఎవరో పట్టుకుని ఊపినట్టయింది. అద్దంలో చూస్తే దయాకర్ కారు ఒకసారి ఎడమన కనపడుతోంది, ఇంకోసారి కుడిన. ఊపు పెరుగుతోంది. నా కాలు బ్రేక్ మీదికి పోయింది.

"బ్రేక్ వద్దు! గ్యాస్ మీంచి కాలు తియ్యి, అంతే. స్టీరింగ్ తిప్పకు, స్ట్రెయిట్‌గా పట్టుకో. అక్కా, పట్టుకో."

పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. వేగం తగ్గుతూ నలభైకి వచ్చాక ఊగడం ఆగింది. హజార్డ్ లైట్లు వేసుకుని రెస్ట్ ఏరియా దాకా నత్తలా వెళ్ళాం. అక్కడికి చేరేసరికి తొమ్మిదైంది. ఫోన్ మాత్రం పది అంది, ఆ చుట్టుపక్కలే టైమ్ జోన్ మారుతుంది.

పక్కన ఆగి ఉన్న బండిలోంచి ఒక పెద్దాయన కుక్కని పట్టుకుని దిగాడు. ముప్ఫై ఏళ్ళు ట్రక్ నడిపి రిటైరయ్యాడట. మా వెనకే వస్తూ అంతా చూశాడు. ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, "వెనక బరువు ఎక్కువైంది. ముందు భాగం హిచ్ మీద సరిగ్గా ఆనడం లేదు, అందుకే తోక ఊపుతోంది. ఆ కారు డిక్కీలో ఏముంది?" అన్నాడు.

"ఏమీ లేదు. ఖాళీ కారు" అన్నాడు దయాకర్.

పెద్దాయన నావైపు చూశాడు.

"ఉన్నాయి" అన్నాను.

డిక్కీ తెరిచాను. ఇరవై పౌన్ల బియ్యం బస్తాలు ఆరు. గ్రైండర్. రెండు కుక్కర్లు, ఇనప పెనం. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఆవకాయ, గోంగూర, నూనె డబ్బాలు. పొద్దున వాడు స్నానానికి వెళ్ళినప్పుడు నేనూ మావారూ కలిసి మోసి పెట్టినవి. కారులో ఒక్క చెంచా కూడా పెట్టొద్దని వాడు వారం నుంచి చెప్తూనే ఉన్నాడు.

దయాకర్ కర్రల మీద ఆనుకుని వాటిని ఒక్కొక్కటే చూశాడు. పెదాలు కదులుతున్నాయి, కూడుతున్నాడని అర్థమైంది.

"రెండొందల ముప్ఫై ఉంటాయి. వంద ఎక్కువైందని నేను ఎస్‌యూవీ వద్దన్నా" అన్నాడు.

"ఒక్కడివే ఉంటావు, వెళ్ళగానే ఎక్కడ తిరిగి కొనుక్కుంటావని..."

"క్యారీలో బియ్యం దొరకవా అక్కా? అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల్లో మూడు ఇండియన్ స్టోర్లున్నాయి. నేనే చూసి తీసుకున్నా." గొంతు తగ్గించి అన్నాడు. "ఈ కారు ఇక్కడ బోల్తా పడితే సోమవారం నేనెలా వెళ్ళాలి? మళ్ళీ నువ్వే దింపాలి. అదేనా నీక్కావాల్సింది?"

పెద్దాయనకి తెలుగు రాదు గానీ విషయం తెలిసినట్టుంది. కుక్కని తీసుకుని కాస్త అవతలికి వెళ్ళాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. వాడన్నది నిజమేనేమోనని భయం వేసింది. పుట్టెడు బియ్యం పెట్టి పంపితే వాడు నెల రోజులు బయటికి వెళ్ళనక్కర్లేదని నేను లోపల అనుకున్న మాట నిజం. అది ప్రేమేనని ఇంతవరకూ నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ ప్రేమతోనే వాడి కారుని రోడ్డు మీద పారేసేదాన్ని.

"తప్పు నాదేరా. ఇంకెప్పుడూ నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను" అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ కూడా లేదు, జీన్స్ వేసుకున్నాను.

"ముందు ఆ బస్తాలు తియ్యి" అన్నాడు. కోపం సగమే పోయింది.

అన్నీ మోసుకొచ్చి ట్రక్ వెనక సీట్లో, సీటు కిందా సర్దాను. గ్రైండర్‌కి సీట్ బెల్టు కూడా పెట్టాను. పెద్దాయన ట్రెయిలర్ ముందు భాగం వంగి చూసి, "ఇప్పుడు సరిగ్గా కూర్చుంది. యాభై అయిదు మాత్రం దాటకు" అన్నాడు. ఒక ఆవకాయ సీసా ఇవ్వబోతే దయాకర్ ఆపాడు, "వద్దక్కా, ఆ కారానికి పాపం ఆయనేమైపోతాడు? సాయం చేశాడు కదా" అని. అప్పుడు ముగ్గురం నవ్వాం, ఆయన ఎందుకో తెలియకుండానే.

పదకొండుకి మళ్ళీ రోడ్డెక్కాం. మొదటి పది మైళ్ళు నేను అద్దంలోంచి చూపు తిప్పలేదు. పెద్ద ట్రక్కులు దాటినా కారు గీత గీసినట్టు వెనకే వచ్చింది. ఆ ఊరట ఎలా చెప్పను, ఆకలి కూడా తెలిసింది. ఇండియానాపొలిస్ దాటాక పెట్రోల్ బంక్ పక్కన ఆగి పులిహోర, పెరుగన్నం తిన్నాం. సిన్సినాటిలో నది దాటేటప్పుడు గంట సేపు ట్రాఫిక్. లెక్సింగ్టన్ దాటి ఏడింటికి మోటెల్‌కి చేరాం. ట్రెయిలర్‌తో వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందే ఫోన్ చేసి, రివర్స్ చేయనక్కర్లేకుండా ముందుకే వెళ్ళిపోయే పార్కింగ్ ఉందా అని అడగండి. మాకు కింద అంతస్తులో, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలున్న గది దొరికింది. తొంభై డాలర్లు.

శనివారం ఆరున్నరకి బయల్దేరాం. వెస్ట్ వర్జీనియాలోనే అసలు కొండలు. ఎక్కేటప్పుడు ట్రక్ రొప్పింది, ఇంజన్ వేడి ముల్లు మాత్రం కదల్లేదు. ఎస్‌యూవీ అయితే ఏమయ్యేదోనని నేను పైకి అనలేదు. దిగేటప్పుడు దయాకర్ చెప్పినట్టు గేర్ తగ్గించి, బ్రేక్ అప్పుడప్పుడు మాత్రమే తొక్కాను. దారిలో టోల్ మూడు చోట్ల. ట్రెయిలర్ ఉంటే ఎక్కువ తీసుకుంటారు.

రెండో టోల్ దగ్గర బూత్‌లో ఉన్నావిడ వెనక సీట్లో బస్తాలు చూసి, "ఇల్లంతా తీసుకెళ్తున్నావా తల్లీ?" అంది.

"ఇది మా అక్క తగ్గించాక" అన్నాడు వాడు నా మీదుగా వంగి. ఆ మాటతో మిగిలిన కోపం కూడా పోయిందని తెలిసింది.

కొండల కింద రెండు పొడుగాటి సొరంగాలు దాటి, చివరి పెద్ద దిగుడు దిగి నార్త్ కరోలినాలో పడ్డాం. సాయంత్రం ఆరుంపావుకి, వెలుగుండగానే, క్యారీలో అపార్ట్‌మెంట్ ముందు ఆగాను. పట్టీలు విప్పి, కారుని దింపింది దయాకరే. నేను కింద నిలబడి చేతులూపాను. లీవర్ బాగుంది, అద్దాలు బాగున్నాయి, ఒక్క గీత లేదు. వాడు ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు.

ఆదివారం ట్రెయిలర్ అక్కడి బ్రాంచిలో ఇచ్చేశాం. మధ్యాహ్నం ఆఫీస్ దాకా ఒకసారి వెళ్ళి దారి చూసుకొచ్చాం. పక్క సీట్లో కూర్చుని, ఒక్క మలుపు దగ్గరా నోరెత్తకుండా ఉన్నాను. నా జీవితంలో అంత కష్టమైన ఇరవై నిమిషాలు లేవు.

సోమవారం ఎనిమిదికి ఇద్దరం ఒకేసారి బయటికొచ్చాం. "నా వెనక రాకు అక్కా" అన్నాడు. రానన్నాను. గేటు దగ్గర వాడు ఎడమకి తిరిగాడు. నేను కుడికి తిరగాలి. వెనకవాడు హారన్ కొట్టేదాకా తిరగలేదు.

ఖాళీ ట్రక్ హాయిగా పరిగెత్తింది. ఇప్పుడెవరైనా అడిగితే నా సలహా ఇది: మీ బండి లాగగలిగేదాని కంటే మీ బరువు బాగా తక్కువుండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి, పక్కన కూర్చున్నవాడి మాట వినాలి. అలా అయితే ఇది భయపడాల్సిన ప్రయాణం కాదు. డరమ్ ఇంకా రాకముందే పెట్రోల్ బంక్ కనపడితే ఆగాను. ట్యాంకు దాదాపు నిండుగానే ఉంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేరాక ఫోన్ చెయ్యమని వాడికి చెప్పలేదు, కావాలనే చెప్పలేదు.

ఎనిమిదీ ముప్ఫై రెండుకి మోగింది.

"అక్కా, వచ్చేశా. పార్క్ చేశా. లోపలికెళ్తున్నా, మళ్ళీ చేస్తా."

"సరే నాన్నా."

అంతే, పెట్టేశాడు. నేను అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే. ఎక్కడికైనా చేరానని వాడు నాకు ఫోన్ చేసి చెప్పడం అదే మొదటిసారి. పదకొండేళ్ళుగా వాడు ఎక్కడికి చేరినా పక్కన నేనే ఉన్నాను, ఇంక ఎవరికని చెప్తాడు?