గూట్లో పెట్టిన చర్చి

పడుకునే ముందు లైటు తీసే పని మా ఇంట్లో నాది కాదు. ఇంత వయసొచ్చి ఇదేం చాదస్తమని అందరూ నవ్వుతారు. నవ్వుకోనీ. భావనపాడులో మా అమ్మమ్మ ఇంట్లో ఆ ఒక్క రోజు ఉండుంటే వీళ్లెవరూ నోరెత్తేవాళ్లు కాదు.

అది పంతొమ్మిదొందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. నాకు తొమ్మిదేళ్లు. నాన్న పోయాక అమ్మా నేనూ అమ్మమ్మ దగ్గరే ఉండేవాళ్లం. ఆ ఇంటికి మగదిక్కు మా మావ ఒక్కడే, అమ్మకి తమ్ముడు. వేట ఉన్నన్నాళ్లూ పడవ, లేనప్పుడు ఎండు చేపల బుట్టలు. ఆ డిసెంబరులో బుట్టలతో కొత్తవలస వెళ్లి, రైల్వే క్వార్టర్లలో ఒక దొరసానికి ఎండు రొయ్యలిచ్చి, బదులుగా అరచేతిలో పట్టే చర్చి ఒకటి తెచ్చాడు.

రేకుతో చేసింది. తెల్ల గోడలు, కోసుగా గోపురం, ఎర్రద్దాల కిటికీలు, పైన కొక్కెం. లోపల బుల్లి బల్బు, అడుగున రెండు సన్న సెల్లులు, పక్కన మినపగింజంత స్విచ్చి. క్రిస్మస్ చెట్టుకి వేలాడదీస్తారట. ఆ దొరసాని ఏడాదికొకటి కొని, పెట్టెల్లో పెట్టి దాచుకుంటుందట. ఒక కిటికీ అద్దం పగిలిందని దీన్ని ఇచ్చేసింది.

"సెట్టుకి గుడిని ఏలాడదీస్తారా! ఏటి మనుషులే!" అని అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. అయినా గుడి గుడే కదా అని తీసుకెళ్లి గంగమ్మ గూట్లో పెట్టింది.

ఆ గూడంటే మాకు హడల్. పడవ కదిలే వేళ అందులో దీపం పెడితే, వెళ్లిన మనిషి తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేదాకా అది వెలుగుతుండాలి. నూనె పోస్తూ, వత్తి ఎగదోస్తూ అమ్మమ్మ రోజంతా కాపలా కాసేది. దీపం ఆరిందన్న మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు. కొండెక్కింది అనాలి. అదీ మనిషి ఇంటికొచ్చాకే.

ఆ రోజు తెల్లవారుతుండగా మావ వేటకి బయల్దేరుతూ, "ఇయ్యాల నూనొద్దు, వత్తొద్దు" అని చర్చి స్విచ్చి నొక్కాడు. కిటికీలు ఎర్రగా వెలిగాయి. "సూడే అమ్మా, ఎంత గాలేసినా ఇది ఆరదు."

అమ్మమ్మ చెయ్యి వెళ్లి అతని నోటిమీద పడింది. "ఒరే! ఏటా మాట? పడవెక్కే నోటితో!"

"ఆరదన్నానే. ఆరిపోద్దన్నానా?"

"ఎలాగన్నా అన్నావు కదరా. మాట వచ్చీసినాది."

మావ నవ్వేసి నా జడ పట్టుకు లాగాడు. "ఒసే గుంటా, దీపం నీదే. సెల్లులు పాతవి. ఎలుగు పలచబడితే ఎంటనే అమ్మమ్మకి సెప్పు, నూనె దీపం ఎలిగించీస్తాది."

ఆ మాటే నా కొంప ముంచింది. దీపం నీదే అన్నాడుగా, ఇంక అమ్మమ్మకి చెప్పడమేమిటి? మూరెడు పిల్లకి బారెడు పొగరు. మధ్యాహ్నానికి వెలుగు పలచబడినట్టు అనిపించింది. బయట ఎండ మండిపోతుంటే ఏ దీపమైనా పలచగానే కనిపిస్తుంది. ఆ బుద్ధి నాకు లేదు. అమ్మ నీళ్లకి వెళ్లింది. అమ్మమ్మ ఇసుక మీద చేపలు తిరగేస్తోంది. కాసేపు ఆపితే సెల్లు మిగులుతుంది, వాళ్లొచ్చేలోపు మళ్లీ పెట్టేయొచ్చు. ఎంత తెలివి! పీటెక్కి టిక్కుమని నొక్కాను.

అప్పటిదాకా చెవిన పడని సముద్రం చప్పుడు ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చింది. మళ్లీ నొక్కుదామని చెయ్యెత్తేసరికి పెరట్లో అమ్మమ్మ అడుగులు వినిపించాయి. చటుక్కున దిగి, నేలమీద గవ్వలు పరుచుకు కూర్చున్నాను.

ఆమె బుట్ట కోసం వచ్చింది. గూటి వైపు చూసింది. "ఓలమ్మో" అని అక్కడే కూలబడిపోయింది.

నేనే తీశానమ్మమ్మా అంటే అయిపోయేది. "సెల్లు అయిపోయినట్టున్నాది" అన్నాను. నా నోరు పడిపోను.

నూనె దీపం పెట్టమన్నాను. వెలుగుతుండగా పెడితే సరే గానీ, పోయాక పెట్టింది లెక్కలోకి రాదట. "ఎవులూ ముట్టుకోకండి" అని గూటికి ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. ఇసుక మీద చేపల్ని కాకులు తన్నుకుపోతున్నా లేవలేదు. స్విచ్చి నాలుగడుగుల దూరంలో ఉంది, ఆవిడ కళ్లు దానిమీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. వెళ్లింది నలుగురు. ఒడ్డున అమ్మ లెక్కపెట్టింది, నేనూ లెక్కపెట్టాను. ముగ్గురే దిగారు. వల అడుగున రాతికి పట్టేస్తే విడిపించడానికి మావ మునిగాడట. మళ్లీ తేలలేదట.

"ఏ ఏళప్పుడు?" అని అడిగింది అమ్మమ్మ, ఇంటికొచ్చి చెప్పిన ఆ ముగ్గుర్నీ, ఏడవకుండా.

"మద్దేనం, పెద్దమ్మా. పొద్దు నడినెత్తిన ఉన్నాది."

దీపానికీ సముద్రానికీ ఏం సంబంధం? పెద్దయ్యాక బడిపంతులమ్మనై ఈ ముక్క ఎంతమంది పిల్లలకి చెప్పానో. గట్టిగా, బల్ల గుద్ది మరీ చెప్పాను. వాళ్లు నమ్మారు.

పదకొండో రోజు దాటాక, గూడు కడగాలని అమ్మమ్మ చర్చిని తీసింది. బొటనవేలు ఎక్కడో తగిలి టిక్కుమంది. కిటికీలన్నీ వెలిగాయి. పాలిపోయిన వెలుగు కాదు. మావ నొక్కిన పొద్దున ఎంతుందో అంతా ఉంది.

"సెల్లు అయిపోనేదు" అంది తనలో తాను. అప్పుడు మెల్లగా నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. దగ్గరికొచ్చి చర్చిని నా ఒళ్లో పెట్టింది.

"దీన్ని కొండెక్కించడం నీకు తెలుసు కదే గుంటా" అంది. "కొండెక్కించు."

నా వేలు కదల్లేదు. దాన్ని అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం దాటాక కూడా అది వెలుగుతూనే ఉంది.