చావింటి ముందు సాక్సోఫోన్

మా గల్లీలో పెరిగిన సాక్సోఫోన్ కళాకారుడి మూడు ఆల్బమ్‌లను మెచ్చుకుంటూ ఒక పత్రిక అర పేజీ రాసింది. ఆ వాయింపులోని మెత్తదనమంతా అతను విదేశీ జాజ్ రికార్డులు విని సొంతంగా నేర్చుకున్నదని అచ్చేసింది. అది అబద్ధం.

పొగడ్తతో నాకు పేచీ లేదు. పట్టులాంటి ఊపిరి అన్నారు, నిజమే. రెండో ఆల్బమ్‌లో స్వరం ఆగాక కూడా చెవిలో నడుస్తూనే ఉంటుందన్నారు, అదీ నిజమే. స్మూత్ జాజ్ అని పిలిచే ఈ మెత్తటి సంగీతం గురించి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. నా బడి అయిదో తరగతితోనే సరి. మిగిలిన చదువంతా ఉస్మాన్‌గంజ్ దుకాణాల్లో పొట్లాలు కట్టే పాత కాగితాల మీద సాగింది. కానీ ఆ ఊపిరి ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అప్పుడు అతని పక్కన సైడ్ డ్రమ్ము మోసింది నేనే.

మాది పెళ్లి బ్యాండు. బారాత్ పోయే దారిలో ఎవరి ఇంట్లోనైనా చావు జరిగి ఉంటే డ్రమ్ములు ఆపేయాలి. అది మర్యాద. పెళ్లికొడుకును గుర్రం మీద పెట్టుకుని మూగగా నడవడం అపశకునమని పెళ్లివారు లొల్లి చేసేవారు. ఆ రెంటి నడుమ మా బ్యాండు మాస్టర్ ఒక దారి కనిపెట్టాడు. ఆ గడప దాటేదాకా సాక్సోఫోన్ ఒక్కటే పలకాలి. అదీ లోపలి ఏడుపు కన్నా తక్కువ గొంతుతో.

ఆ పని అప్పటికి కుర్రాడైన ఈ కళాకారుడికి అప్పజెప్పాడు. మొదటిసారి చావింటి ముందే వాద్యం కీచుమంది. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాటి నుంచి మాస్టర్ ఇతని చేత ఒకే స్వరం ఊదించాడు.

"గట్టిగ ఊదుడు ఏ గాడిదకైనా వస్తదిరా! దమ్ము ఆపుకొని ఊదు" అనేవాడు.

ఆ మాస్టర్ ఇప్పుడు మంచం దిగలేడు. పత్రిక నేనే చదివి వినిపించాను. పొగడ్త విన్నంతసేపూ తల ఊపాడు. రికార్డుల మాట దగ్గర ఆపమన్నాడు.

"ఏ రికార్డులురా? మన తాన రేడియోనే సక్కగ లేకపోయె" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన కోసం తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

ఆయన వినగలిగి ఉన్నప్పుడే ఆ మాట దిద్దించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. పత్రికకు ఫోన్ చేశాను. పెట్టేస్తే మళ్లీ చేశాను. చివరికి వ్యాసం రాసినాయన దొరికాడు.

"సార్, ఆ మాట మీ సాక్సోఫోన్ ఆయనే చెప్పారు. నేను కల్పించలేదు. ఆయన కాదంటే దిద్దుతాను" అన్నాడు.

దెబ్బ అక్కడ తగిలింది. అయినా ఊరుకోలేదు. కళాకారుడు ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాను.

"బేటా, పేపరాయన నిన్ను మస్తు పొగిడిండు, ఖుషీనే. గా మెత్తగ ఊదుడు ఎవరి కాడ నేర్చినవ్? బ్యాండోని శిష్యుడినంటే ఇజ్జత్ పోతదా? జవాబు ఇచ్చేదాకా అడుగుతనే ఉంట."

విన్నట్టు గుర్తుగా గీతలు నీలంగా మారాయి, అంతే. మర్నాడు మళ్లీ అదే పంపాను. ఆ మర్నాడూ పంపాను. వారం దాటాక అతని గొంతు వచ్చింది:

"అన్నా, ఇజ్జత్ పోదనుకుంటివా? మొదట్ల బ్యాండోన్నని నిజం చెప్తే స్టూడియో బయటనే కూసోబెట్టిన్రు. అప్పటిసంది గీ అబద్ధమే నోటికొచ్చింది. పేపరాయనకు ఫోన్ చేసిన, దిద్దుతనన్నడు. గా దిద్దుబాటు అచ్చుల రాకముందే మాస్టర్‌కు నేనే నా నోటితో చెప్పాలె. రేపు పొద్దుగాల వస్త. మస్తు తిడ్తడు, ఎరుకే. తిట్టనియ్యి. నువ్వు మాత్రం నడుమల రాకు."