నేను మార్చిన ఫ్లెక్స్

అఫ్జల్‌గంజ్‌లో ఫ్లెక్సులు డిజైన్ చేసి ప్రింట్ కొట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నాను. ఆ పొగరే ఈ రోజు నా పరువు తీసింది.

పోయిన వారం ఒక మేడం వచ్చింది. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లతో దాన్ని మాన్పించే కౌన్సెలర్. మూడు ఊళ్లకు ఆమె ఒక్కతే. "నిద్ర పట్టనివారికి, చేతులు వణికేవారికి వైద్య శిబిరం" అని కాగితం మీద రాసిచ్చింది. కల్లు మానేటప్పుడు వచ్చే బాధలేనట అవి, కానీ కల్లు ఊసే లేకపోతే ఎవరికి అర్థమవుతుందని నేనే మార్చేశాను. "తాగుబోతుల చికిత్సా శిబిరం" అని ఎర్ర అక్షరాల్లో, పక్కన పుర్రె బొమ్మతో కొట్టి, చుట్టి చేతిలో పెట్టాను. బస్సు తొందరలో ఆమె విప్పి చూడలేదు.

ఈ రోజు అదే ఫ్లెక్స్ చంకలో పెట్టుకుని వచ్చింది. లొల్లికే వచ్చిందనుకుని నేనే ముందు గొంతు లేపాను.

"దూరంకెళ్లి గూడ మస్తు కనిపిస్తది మేడం. ఇంకేం గావాలె?"

"కనిపించింది తమ్మీ. మూడు నెలలు ఇంటి చుట్టు తిరిగి ఒకాయనను ఒప్పించిన. భార్యతోని శిబిరం గేటు దాక వచ్చిండు. నీ బోర్డు చదివిండు. అందరు చూస్తున్నరని వాపస్ పోయిండు."

"మళ్ల పిలువరాదు?"

"పోయిన. తలుపు తీస్తలేడు."

ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆమె రాసింది రాసినట్టు మళ్లీ కొట్టి, బస్సు దాకా మోసుకెళ్లి ఇచ్చాను. ఆ తలుపు ముందు మళ్లీ నిలబడాల్సింది మాత్రం ఆమే.

మీరైతే నేను మొదట కొట్టిన ఆ బోర్డు కింద నుంచి నడిచి లోపలికి వెళ్లేవారా? మొహమాటం లేకుండా చెప్పండి.