ప్రశ్నలు తీసేసిన పాఠాలు

పెనుకొండలో నేనుండేది రెండు గదుల ఇల్లు. మా ఆయన పోయినాక ఆ ఇంట్లో వినపడేది నా గొంతే, అదీ పాఠం చెప్పేటప్పుడు. హిందూపురంలో మా కాలేజీ వాళ్ళు ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టి, వృక్షశాస్త్రం పాఠాలన్నీ వీడియోలు చేసియ్యమన్నారు. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేసి, తలుపేసుకుని, ఫోను ముందర కూర్చుని చెమటలు కారుతుంటే చెప్పేదాన్ని.

ఇరవై ఆరేండ్లు క్లాసుల్లో అరిచిన నోరు నాది. నాలుగు మాటలకొకసారి "అర్థమైందా?" అనకపోతే నాకు ఊపిరాడదు. క్లాసులో అయితే పిల్లోళ్ళు అర్థమైనా కాకపోయినా "ఆఁ..." అని రాగం తీస్తారు. ఫోను ఏమంటుంది, మూగమొద్దు! అడగడం, ఒక క్షణం ఆగడం, నాకు నేనే తలూపుకోవడం. ఒక్కోరోజు ఏడుపొచ్చేది.

అట్లాంటప్పుడు ధర్మవరం నుంచి ఒక పిల్ల, వీడియో చూస్తా చూస్తానే మెసేజ్‌లు మొదలుపెట్టింది. మొదటి సంవత్సరం, పట్టుచీరలు నేసేవాళ్ళ ఇంటి పిల్ల. "ఏడో నిమిషం. అర్థమైంది మేడమ్." కాసేపటికి, "పదకొండో నిమిషం. అర్థం కాలేదు." చెనిక్కాయ, అదే వేరుశనగ, పాఠంలో నేను ఊరికే, "చెనిక్కాయ వేరుకు కాస్తుందా ఏం?" అంటిని. "కాయదు మేడమ్. పువ్వు నుంచి ఊడ మట్టిలోకి దిగి కాస్తుంది. మీరే ముందు చెప్పినారు" అని వచ్చింది. మధ్యలో నీళ్ళు తాగుతా, "మీరు కాఫీలు తాగినారా?" అన్నదానికి కూడా, "నేను కాఫీ తాగను. పాలు తాగినాను." ఒక్క పాఠానికి ఇరవై మూడు మెసేజ్‌లు!

నాకు ఒళ్ళు మండింది. "ఏమమ్మా, ఎగతాళిగా ఉండాదా?" అని పెట్టినాను. "లేదు మేడమ్. మీరు అడిగినారు, నేను చెప్పినాను." ఇంకా మండింది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ ఫోన్ చేసింది, వెనక మగ్గం చప్పుడు. "తప్పుగా అనుకోవాకండి మేడమ్. మా పాపకు ఆటిజం అని బెంగళూరులో డాక్టరు చెప్పినాడు. ఎవరన్నా ఏమన్నా అడిగితే జవాబు చెప్పేదాకా దానికి ముందుకు పోబుద్ధి కాదు. కాలేజీలో ఆ గలాటా తట్టుకోలేదనే ఆన్‌లైన్‌లో చేర్పిస్తిమి." సిగ్గుతో చచ్చిపోయినాను. ఇన్నేండ్లలో నేనడిగింది నిజంగా విని జవాబిచ్చింది ఆ పిల్ల ఒక్కతే, దాన్నే తిట్టినాను.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్తా. ఆ పిల్ల జవాబులకు అలవాటు పడిపోయినాను. హిందూపురం బస్సు సోమందేపల్లి దాటేలోపల పదిసార్లు ఫోను తీసి చూసేదాన్ని. పాఠాల్లో కావాలనే ప్రశ్నలు దూర్చినాను. "ఆడ వాన పడిందా?" "ఈ పొద్దు ఏం కూర?" పాఠానికీ కూరకూ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. కానీ జవాబులొచ్చేవి. "ఇరవయ్యో నిమిషం. వాన పడలేదు. వంకాయ." ఆ వంకాయను చదువుకుని ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని. నన్ను పలకరించే మనిషి ఒకరుండారని ధైర్యంగా ఉండేది.

పరీక్షలు ఇరవై రోజులుండాయనంగా వాళ్ళమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "పన్నెండు పాఠాల్లో నాలుగే అయినాయి మేడమ్. ఒక్కోటి రెండు మూడు దినాలు పడుతాండాది. ఆపుతుంది, రాస్తుంది, మీరు చూసేదాకా కాచుకుంటుంది. ఇంక నాకు చేతకాదు, చదువు మానేస్తా అని ఏడుస్తాండాది. పాఠాలే కష్టమా, మా పాపకే తెలివి తక్కువా?"

"పాపకేం తక్కువ లేదమ్మా" అన్నాను. తప్పు యాడుండాదో నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేకపాయె.

మరుసటి రోజు సెలవు పెట్టి పాఠాలన్నీ మళ్ళీ మొదలుపెట్టినాను. నలభై నిమిషాల పాఠాన్ని ఆరేసి నిమిషాల ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏముండాదో ముందే రాసిపెట్టినాను. చెప్పే మాటలు కింద అక్షరాల్లో కనపడేటట్టు చేసినాను. అడగాల్సిన ప్రశ్నలు నాలుగంటే నాలుగు, పాఠమంతా అయినాక, విడిగా ఒక కాగితంలో. ఇదంతా సులభమే. నా నోట్లోంచి మిగతా ప్రశ్నలు ఏరేయడమే కష్టం. నాలుక చివరకొచ్చేది, మింగేదాన్ని. మింగలేక జారితే మళ్ళీ మొదటినుంచి. వాననూ, కూరనూ కూడా తీసేసినాను. నాకు తోడు లేదని ఆ బిడ్డ చదువును అడ్డం పెట్టుకుంటినే అని తిట్టుకున్నాను. తిట్టుకుంటానే, ఒక్కటన్నా ఉంచుకుంటే ఏం పోతుందిలే అని ఆశ. ఉంచలేదు.

తర్వాత ఫోను పలకలేదు. ఒక దినం, రెండు దినాలు, వారం. మానేసిందేమోనని భయపడి కాలేజీ కంప్యూటర్లో చూస్తే, ఎనిమిది, తొమ్మిది, పది పాఠాలు వరసగా పూర్తవుతాండాయి. సంతోషపడినాను. అబద్ధమెందుకు, సగమే సంతోషపడినాను.

ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "మేడమ్, పాసైనాను. ఇప్పుడు పాఠాలు బాగుండాయి. ఆపే పని లేదు. ఇంక మీకు మెసేజ్ పెట్టే పని కూడా లేదు." పక్కన నవ్వు మొహం బొమ్మ. ఎత్తిపొడుపు కాదు, ఆ పిల్లకు నిజంగా సంతోషం.

"ఎట్లుండావమ్మా? ఈ సెలవుల్లో ఏం చేస్తావు?" అని రాసినాను. చాలాసేపు దాన్నే చూసుకుంటా కూర్చున్నాను. కొట్టేసి, "చాలా సంతోషమమ్మా" అని మాత్రం పెట్టినాను. చదివినట్టు నీలం గుర్తులు పడినాయి. నేనేమీ అడగలేదు కదా, జవాబు రాలేదు.