పులివెందులకైతేనే సైకిలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ గుడారంలో నడిచే ఒక ఆఫీసులో గుమాస్తాను. చేనేత సంఘాలకు వెళ్ళి నూలు నిల్వలు సరిచూసి రావడం మా పని. ఒక ఎండాకాలం నన్ను ప్రొద్దుటూరు క్యాంపుకు వేశారు. ఈ కబురు తెనాలిలో మా ఇంటికి చేరగానే అమ్మ పొయ్యి ముందే కూలబడింది. కర్నూలు పోయిందే చాలదా, ఇంకా లోపలికి పోవాలా అని ఏడుపు. నల్లమల దాటితే మావాళ్ళ లెక్కలో అది పరదేశమే. అక్కడి మాట వేరు, తిండి వేరు, మనుషులు కత్తులు పెట్టుకుని పడుకుంటారట. ఎవరు చెప్పారో ఏమో!

నా దిగులు వేరే. నాకు సైకిలు పిచ్చి. ఊళ్ళో ఉంటే ఆదివారం పొద్దున్నే కాలవగట్టు పట్టుకుని రేపల్లె దాకానో, ఇటు బాపట్ల దాకానో తొక్కుకుంటూ పోయేవాణ్ణి. తోడెవరూ అక్కర్లేదు. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. దూరం తొక్కితే ఆ రెండూ తగ్గుతాయని మా ఆవిడ కూడా ఒప్పుకునేది. కర్నూలు వచ్చేటప్పుడు సైకిలు ఇంట్లోనే వదిలి వచ్చాను. అప్పటినుంచి తొక్కింది లేదు, నిద్ర పట్టింది లేదు.

ప్రొద్దుటూరులో దిగిన మర్నాడే అద్దె సైకిళ్ళ అంగడికి పోయాను. అంగడాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"యా ఊరప్పా నీది?"

"తెనాలి."

"ఈడ నిన్ను ఎరిగినోళ్ళు ఎవురుండారు?"

"ఎవరూ లేరు. నిన్ననే వచ్చాను."

"మల్ల ఎట్లిస్తాననుకుంటివి? గంటసేపు తీసుకొని బజార్లో తిరుక్కో. ఊరు దాటిచ్చేదానికి లే."

నాకు ఒళ్ళు మండింది. "నేనేమన్నా దొంగలాగా కనబడుతున్నానా?" అన్నాను.

"దొంగోడు యాడన్నా దొంగ మాదిరి కనపడతాడా?" అన్నాడు ఆయన శాంతంగా, చక్రానికి గాలి కొట్టుకుంటూ. ఊరంతటిలో ఉన్న తక్కిన అంగళ్ళలోనూ అదే మాట.

నేను బస చేసింది మా కులంవాళ్ళ ఇంట్లోనే, కోమట్ల వీధిలో. ఇంటావిడకు నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ముందు గదిని నాలాంటి ఉద్యోగులకిచ్చి, వండిపెట్టి, ఆ ఇల్లు నడుపుకుంటున్నది. నేను అక్కయ్యా అనేవాణ్ణి, ఆమె అప్పా అనేది. చాలా తక్కువ మాట్లాడే మనిషి. వసారాలో దూలానికి తాళ్ళతో ఒక సైకిలు కట్టి ఉండేది. దానిమీద గోనెపట్టా కప్పి ఉండేది. నేను అన్నం తింటూ దానివంకే చూసేవాణ్ణి. ఒకరోజు ఆగలేక అడిగాను, అద్దె ఇస్తానని కూడా అన్నాను. ఆమె మజ్జిగ పోయకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఛీ, నోరు ఊరుకోదు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కొన్నాళ్ళు ఆ ఊసే లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం విస్తరి ముందు నిలబడి తనంతట తానే మొదలుపెట్టింది.

"ఆ సైకిలు పులివెందులకైతేనే ఇస్తా. ఇంక యాడికీ ఇయ్యను."

పులివెందుల అంటే చిన్న దూరం కాదు. నా గుండె ఎగిరి గంతేసింది. కానీ ఆమె మొహం చూసి ఆ సంతోషాన్ని లోపలే ఉంచుకున్నాను.

భర్త బట్టలు అమ్మేవాడట. జమ్మలమడుగులో నేతగాళ్ళ దగ్గర చీరలు, పంచలు తీసుకుని, మూట సైకిలు వెనక కట్టుకుని, ముద్దనూరు, తొండూరు మీదుగా పల్లెపల్లె తిరుగుతూ పులివెందుల దాకా పోయేవాడట. ఒక రోహిణి కార్తెలో అట్లా పోయి, తొండూరు దాటాక దారిలో ఎండదెబ్బకు పడిపోయాడు. ఆ దగ్గరి పల్లెవాళ్ళు బండిలో శవాన్నీ సైకిలునూ ఇంటికి తెచ్చి అప్పగించారు. మేం చూసేసరికే ప్రాణం లేదు, దగ్గర ఎవరూ లేరు అని చెప్పి వెళ్ళిపోయారు.

"ఎవురూ ల్యాకపోతే ఆయప్ప దప్పికతోనే పాయెనా?" అన్నది. "ఏటేటా తద్దినం పెడతాండాం, నువ్వులు నీళ్ళు వదుల్తాండాం. ఆ నీళ్ళు యాడికి పోతాయప్పా? నేను చెంబెత్తి నీళ్ళు తాగేటప్పుడంతా అదే గ్యాపకం. మా బావను పోయి కనుక్కోమంటే, పోయినోడు పాయె, ఇప్పుడు కనుక్కొని ఏంజేస్తావంటాడు. నువ్వు పోయి అడుగు. ఆయప్ప నోట్లో ఎవురన్నా నీళ్ళు పోసినారా, లేదా? అదొక్కటే. ఇంకేమొద్దు."

ఆ బావగారు, అంటే భర్త అన్నగారు, అదే వీధిలో బట్టల అంగడి నడిపే పెద్దమనిషి. నన్ను చూస్తే నవ్వేవాడు కాదు. సరే, అడుగుతాను అని ఆమెకు మాట ఇచ్చాను. ఆ క్షణంలో నేను సైకిలు కోసం ఒప్పుకున్నానా, ఆమె కోసమా అని ఎవరైనా నిలదీస్తే, సైకిలు కోసమే అని ఉండేవాణ్ణి.

దూలం నుంచి దించాం. టైర్లు పగుళ్ళు వారి ఉన్నాయి, గొలుసు తుప్పు పట్టింది. టైర్లు, ట్యూబులు మార్పించి, నూనె పోయించాను. వెనక క్యారియరు మీద మూట కోసం అడ్డంగా బిగించిన బరువైన చెక్క ఉంది, తీయించెయ్యనా అంటే ఆమె ఒప్పుకోలేదు. జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ సంఘాలు చూడాల్సిన పని ఎలాగూ ఉంది. సైకిలు మీద పోయి వస్తానని మా అధికారిని అడిగాను.

"బస్సుండగా సైకిలేమిటయ్యా, నీకేమైనా తిక్కా?" అన్నాడు ఆయన.

"తిక్కేనండి," అన్నాను. ఆయన నవ్వి సరేనన్నాడు.

తెల్లవారకముందే బయలుదేరాను. ఎన్నాళ్ళ తర్వాతనో కాళ్ళ కింద పెడలు! జమ్మలమడుగు చేరేదాకా నాకు లోకం పట్టలేదు. అక్కడ పని ముగించుకుని, పడుకుని, మర్నాడు పెన్నలో ఇసుక మీద సైకిలు నెట్టుకుంటూ అవతలికి చేరాను. ముద్దనూరు దాటాక అటూ ఇటూ నల్లరేగడి. కోతలైపోయి నోళ్ళు తెరుచుకున్న నేల. మనిషి లేడు, చెట్టు లేదు. కాలవగట్ల మీద తొక్కినవాడికి ఆ దారి ఏం తెలుస్తుంది? పది గంటలకే నాలుక అంగిటికి అంటుకున్నది. తెచ్చుకున్న సీసాలో నీళ్ళు వేడెక్కినా గుటగుటా తాగాను. తాగుతూ ఉంటే ఆ మనిషి మూటతో ఇదే ఎండలో, ఇదే సైకిలు మీద తొక్కాడన్న సంగతి మొదటిసారి నా ఒంటికి తెలిసింది. ఇక సరదా పోయింది. ఆమె అడిగిన మాట ఒక్కటే మిగిలింది.

తొండూరు దాటాక ఒక పల్లె దగ్గర నలుగురు మగవాళ్ళు పందిరి కింద కూర్చుని ఉన్నారు. నేను దిగీదిగకముందే ఒక ముసలాయన క్యారియరు చెక్క చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది ఆ శెట్టి సైకిలు గదా!"

నేను వచ్చిన పని చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అప్పుడే చెప్పినాం గదప్పా. మేం పోయేతలికే అయిపాయె. ఈడ ఎవురూ లేరు," అన్నాడు ముసలాయన. నీళ్ళ సంగతి మళ్ళీ అడిగాను. "లేరంటాండాం గదా!" అని కసిరాడు. నా కోపం నాకు తెలిసిందే. అబద్ధమాడుతున్నారని మొహం మీదే అనేసి, సైకిలు తోసుకుంటూ వచ్చేశాను.

కొంత దూరం పోయాక వెనకనుంచి పిలుపు వినబడింది. పందిరి వెనకగా పోతూ మా గొడవ విన్నట్టుంది, నెత్తిన గడ్డిమోపుతో ఒక ఆడమనిషి పరుగులాంటి నడకతో వస్తున్నది. వయసు ప్రొద్దుటూరు అక్కయ్యంతే ఉంటుంది. దారికి దూరంగా చేలో నిలబడి, మోపు దించి, చుట్టూ చూసి మాట్లాడింది.

"నేనే పోసినా సామీ."

ఎట్లా జరిగిందని అడిగాను.

"చేనుకాడికి కుండ తీసుకొని పోతాంటి. ఆయప్ప దోవలో పడుండె. కండ్లు తెరిచి నీళ్ళు నీళ్ళు అన్యాడు. నేను మాలదాన్ని సామీ, పొయ్యొచ్చా అని అడిగినా. నోరు తెరిచినాడు. చేతులు లేపల్యాకపాయె. తల ఒళ్ళో పెట్టుకొని నోట్లోనే పోసినా. రెండు గుక్కలు మింగినాడు. మూడోది బయటికొచ్చె. అంతే."

"మరి ఊళ్ళోవాళ్ళు ఎవరూ లేరని ఎందుకు చెప్పారు?"

"పెద్దోళ్ళు వచ్చి చూసినారు. నువ్వు తాకినావని తెలిస్తే శెట్లు పీనుగను ఇంట్లోకి రానియ్యరు, దినాలు గూడా చెయ్యరు, నోరెత్తొద్దు అన్యారు. పాపం ఆయప్పకు దినాలు జరగాల గదా అని నేనూ ఎత్తలే."

వాళ్ళు దాచింది దుర్మార్గంతో కాదు. చచ్చినవాడికి మర్యాద దక్కాలని దాచారు. ఆ మర్యాద కోసం ఒక ఇంట్లో ఒకావిడ ఇన్నేళ్ళు నీళ్ళు తాగేటప్పుడల్లా ఏడ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక నా కోపమంతా నాలోనే ఉండిపోయింది.

పులివెందుల పని ఎట్లా చేశానో గుర్తులేదు. తిరుగు దారంతా ఒకటే ఆలోచన. నీళ్ళు పోశారని మాత్రం చెప్పి, ఎవరన్నది మింగేద్దామా? మా ఇళ్ళల్లో అప్పటికి మడి ఎంత గట్టిదో నాకు తెలుసు. మా అమ్మకు ఈ మాట చెబితే ఏం చేసేదో కూడా తెలుసు. ఇదిగో చెప్పెయ్యాలి అనుకుంటే భయం, దాచాలి అనుకుంటే ఆ పందిరి కింద మనుషులకూ నాకూ తేడా ఏమున్నదని సిగ్గు. ప్రొద్దుటూరు చేరేదాకా తేల్చుకోలేకపోయాను.

ఆమె గడపలోనే నిలబడి ఉన్నది. నేను సైకిలు గోడకు ఆనించానో లేదో, "పోసినారా?" అన్నది.

"పోశారక్కయ్యా. రెండు గుక్కలు మింగాడట."

ఆమె గోడ పట్టుకుని కూర్చున్నది. తర్వాత అడిగింది, "ఎవురు?"

చెప్పేశాను. కులం చెప్పాను, ఒళ్ళో తల పెట్టుకున్నదని చెప్పాను, ఎందుకు దాచారో చెప్పాను. ఏమంటుందో అని నేలకేసి చూస్తున్నాను.

"అయితే నేలమీద పోలే," అన్నది. "ఆడమనిషి ఒళ్ళో పోయినాడు."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే అన్నది, "ఆయమ్మ ఇన్నేండ్లు ఈ మాట యాడ పెట్టుకున్యాదో! ఒక్కరితో అన్నా చెప్పుకోల్యాకపాయెనే."

మర్నాడు ఆమే బావగారిని పిలిపించి అంతా చెప్పింది. ఆయన మొహం నల్లబడింది. ఈ మాట వీధిలో పొక్కితే నువ్వూ మేమూ తలెత్తుకోలేమన్నాడు. తాను అక్కడికి పోతున్నానని ఆమె అన్నది.

"పోతే మల్ల ఈ గడప తొక్కొద్దు," అన్నాడు.

"ఇది నా గడప బావా. నువ్వు తొక్కకుంటే మానుకో," అన్నది. అంత మాట ఆమె నోట వస్తుందని నేను అనుకోలేదు, ఆయనా అనుకోలేదు.

భర్త పోయాక ఆ వీధి దాటని మనిషి బస్సెక్కి ముద్దనూరు దాకా వచ్చింది. సైకిలును బస్సు మీద వేయించి నేనూ వెంట వచ్చి, అక్కడినుంచి ఎద్దులబండి మాట్లాడాను. నేను బండి వెనకాల సైకిలు మీద పోయాను. పందిరి కింది మగవాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. బండి ఊరి బయట మాలపల్లె దాకా పోయింది.

ఆ తల్లి గుడిసె ముందు ఊడుస్తున్నది. నన్ను, బండిలోంచి దిగిన మనిషిని చూసి చీపురు వదిలేసి వెనక్కి వెనక్కి నడిచింది. తిట్టడానికి వచ్చారనుకున్నది పాపం.

"తెలియక తాకినా తల్లీ," అని చేతులు జోడించింది.

అక్కయ్య ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "దప్పికయితాంది, నీళ్ళు పొయ్యక్కా," అన్నది.

ఆమె నమ్మలేక నా వంక చూసింది. నేను తల ఊపాను. లోపలికి పోయి కుండ తెచ్చింది. నీళ్ళు ఎట్లా పోయాలో, దేంట్లో పోయాలో తెలియక నిలబడిపోయింది.

అక్కయ్య మట్టిలో కూర్చున్నది. దోసిలి పట్టలేదు.

"ఆయప్పకు ఎట్ల పోసినావో అట్లే పొయ్యి," అని, తల పైకెత్తి నోరు తెరిచింది.

ఆ తల్లి కూడా కింద కూర్చుని కుండ వంచింది.