మా అమ్మ తడిపించిన యూనిఫాం బట్ట

మా చిన్నప్పుడు... బడికి యూనిఫాం బట్ట వచ్చిందంటే ఆ రోజు పాఠాలు సగమే. ఆటోలోంచి దించిన నీలం తానులు వరండాలో బల్ల మీద పెట్టేవాళ్లు. మేమంతా కిటికీ ఊచలకు మొహాలు ఆనించి చూస్తుండేవాళ్లం... కొత్త బట్ట వాసన తరగతి గది దాకా వచ్చేది.

మాది పామర్రు దగ్గర చిన్న ఊరు. ఒక వైపు వరి చేలు, ఇంకో వైపు మగ్గాలు. మా అమ్మ నాగమణి చీరలు నేసేది. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది అమ్మని బడి కమిటీలో వేశారు. కమిటీ అంటే పెద్ద పనేం కాదు... ఐదుగురు తల్లిదండ్రులు వచ్చి, హెడ్మాస్టారు చూపించిన చోట సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోవడమే. ఆ సంతకం కోసం అమ్మ రెండు రోజులు నా పాత పలక మీద పేరు దిద్దుకుంది.

ఆగస్టు పదిహేనుకి ఇంకా వారమే ఉందనగా ఆ ఏడాది బట్ట వచ్చింది. జెండా దగ్గరికి వరసని నడిపించే లీడర్ని నేనే. కొత్త స్కర్టులో ముందు నడవాలని నా ఆశంతా... ఎందుకంటే పాత స్కర్టు పొట్టయిపోతే అమ్మ అంచు విప్పి కిందికి దించింది. పాత మడత గీత ముదురు నీలంగా అడ్డంగా కనపడేది. దాంతో ఊరందరి ముందు నడవడమా...

సరిగ్గా అప్పుడే, బట్ట అందిందని సంతకం పెట్టాల్సిన మా అమ్మ కలం పక్కన పెట్టి తాను అంచు పట్టుకుంది. వేళ్ల మధ్య నలిపింది. ఒక పోగు లాగి చూసింది.

"మాస్టారండీ, ఇది గుంజుకుపోయే బట్టండీ. గంజితో బిగించారు. ఇట్టాగే కుట్టిస్తే నాలుగు ఉతుకులకి మోకాళ్ల పైకొచ్చుద్ది."

"సంతకం పెట్టమ్మా, ఆటో అతను వెళ్లాలి" అన్నారు హెడ్మాస్టారు. ఆయన మంచివారే. వెనక్కి పంపితే బట్ట మళ్లీ ఎప్పుడొస్తుందోనని ఆయన బెంగ.

"తడిపి చూశాక పెడతానండీ" అంది అమ్మ.

జానెడు ముక్క కత్తిరించి, బకెట్లో ముంచి, ఎండలో వేశారు. ఆరాక కొలిస్తే వేలి మందాన పొట్టయిపోయింది.

ఇక మా వీధి ఆగలేదు. వెనక్కి పంపితే జెండా పండక్కి అందదని, కుట్టించేలోపే తానులన్నీ ఇళ్లకు పంచుకుని తొట్లలో నానబెట్టారు. మగ్గానికి ఎక్కించే నూలు సాగదీసి గంజి పెట్టడానికి మా వీధి పొడవునా కర్రలు పాతి ఉండేవి. మర్నాడు పొద్దున్నే వాటి మీద నీలం బట్ట ఈ చివర నుంచి ఆ చివరకు ఆరేశారు. మేం దాని కింద నుంచి దూరుకుంటూ బడికెళ్లాం... ఇదంతా మా అమ్మ చెప్పబట్టే కదా అని నేను కాస్త ఎగిరాను కూడా.

ఆ సాయంత్రం టైలరు వరండాలో కూర్చుని టేపుతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "తగ్గిపోయింది కదండీ... తొమ్మిది మందికి చాలదు" అన్నాడు.

అంత నేత తెలిసినవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి ముందు తట్టలేదు. తగ్గేదాన్ని లెక్కేసుకుని ముందే నాలుగు మూరలు ఎక్కువ నేయడం వాళ్లకి అలవాటు. కొలిచినట్టు పంపిన బట్టకి ఆ ఎక్కువ ఎక్కడిది...

అందరూ అమ్మ వైపు చూశారు. సంతకం పెట్టేస్తే పోయేది కదా అని వెనక ఎవరో గొణిగారు కూడా.

అమ్మ తల దించుకోలేదు. "తడపమన్నది నేను. లిస్టులో ముందు మా అమ్మాయి పేరు కొట్టెయ్యండి మాస్టారూ" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతలో పక్కింటి రాజ్యం అత్త లేచింది. ఆవిడా కమిటీలోనే. "మా పిల్లలిద్దరివీ కొట్టెయ్యండి" అంది. తర్వాత మిగతా ముగ్గురూ ఒకరి వెనక ఒకరు లేచారు. కమిటీ వాళ్ల పిల్లలతోనే తొమ్మిదీ నిండాయి.

ఇంటికెళ్లే దారంతా అమ్మ మీద అరిచాను. "ఊరికే సంతకం పెడితే నీకేం పోయేది" అన్నాను. అమ్మ కోప్పడలేదు. "బట్ట బాగుందని నా చేత రాయించుకుంటున్నారే. బాగాలేదని తెలిసి ఎట్టా రాసేది" అంది. అప్పుడు నాకు ఆ మాట ఎక్కలేదు.

ఆగస్టు పదిహేను పొద్దున పాత స్కర్టులోనే ముందు నడిచాను. మొదట్లో తల ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూస్తే, పాత బట్టల్లో ఉన్న మిగతా ఎనిమిది మందినీ హెడ్మాస్టారు నా వెంటే నిలబెట్టారు. అప్పుడు ఎత్తాను... ఇక దించలేదు.

ఆ తర్వాత కమిటీ వాళ్లు పై ఆఫీసుకి ఉత్తరం రాశారు. ఊళ్లో తల్లిదండ్రులంతా సంతకాలో వేలిముద్రలో వేశారు. దసరా సెలవుల్లోపే మా తొమ్మిది మందికీ బట్ట వచ్చింది. ఆ ఏడాది యూనిఫాంలు పరీక్షల దాకా ఎవరికీ పొట్టి కాలేదు. అప్పటి నుంచి బడికి బియ్యం వచ్చినా, బల్లలు వచ్చినా, "నాగమణమ్మ గారు చూశారా" అని అడిగాకే హెడ్మాస్టారు దింపించుకునేవారు.

ఇప్పుడు విజయవాడలో మా అబ్బాయి బడి మీటింగులకి వెళ్తుంటాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు... వాట్సాప్ గ్రూపులో రెండొందల మందిమి ఉన్నాం, అందులో మా కోపాలకు లోటే లేదు. మొన్న మీటింగులో లేచి, పిల్లలు తాగే నీళ్ల ట్యాంకు ఒకసారి చూపించండి అని అడిగాను. చూపించారు. మర్నాడే కడిగించారు కూడా. అడగడం నాకేం కష్టం కాదు... నాగమణి కూతుర్ని.

కానీ ఆ రోజు అమ్మ నిలబడితే పక్కన నలుగురు లేచారు. మొన్న నేను నిలబడి చుట్టూ చూస్తే అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు. బయటికొచ్చేసరికి గ్రూపులో నాకు అరవై చప్పట్ల బొమ్మలు...

మీ ఊరి బడి కోసం అలా లేచి నిలబడినవాళ్లు మీకూ ఎవరో గుర్తుండే ఉంటారు. బొమ్మ పెట్టి వెళ్లిపోకండి... వాళ్ల గురించి నాలుగు మాటలు రాయండి.