దర్వాజ తీసిన పటేలు

మా ఆయనను చాయ్ తాగుతారా అని అడిగి చూడండి. అవుననరు, వద్దనరు. "నువ్వు పెట్టుకుంటున్నావా?" అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ దేశదేశాల రాయబార కార్యాలయాల్లో ఆయన చేసిన పని అదే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. సర్కారు అందుకే జీతమిచ్చింది. కట్టుకున్నదాన్ని, నాకు మాత్రం ఒళ్లు మండేది.

రిటైరై నిజామాబాద్ వచ్చి ఇల్లు కట్టుకున్నాక చారిత్రక నవలలు పట్టుకున్నారు. వాటిలో రాజులూ ఆయన లాంటివాళ్లే. మంజీర నదికి అటొక సైన్యం, ఇటొక సైన్యం నిలబడి ఉంటాయి. మధ్యలో పడవ మీద రాయబారులు తిరుగుతూనే ఉంటారు. యుద్ధం కోసం పుస్తకం కొన్నవాడికి చివరిదాకా మర్యాదలే దొరుకుతాయి. మొదట చదివేది నేనే. బాగుందంటే నమ్మరు, బాగాలేదంటే వినరు. అయినా పుస్తకం పుస్తకానికీ చదివేవాళ్లు పెరిగారు, హైదరాబాద్ నుంచి ఫోన్లు రావడం మొదలైంది. అందరూ ఇంట గెలిచి రచ్చ గెలుస్తారు, ఈయన రచ్చ ముందు గెలిచారు.

నాలుగో నవల మా తల్లిగారి ఊరి మీద రాశారు. బోధన్ దాటాక, ఒకప్పుడు కనుచూపు మేర చెరుకు ఉండి ఇప్పుడు వరి ఉన్న ఊరు. ఊరి మొదట్లో కూలిపోయిన బురుజు ఒకటుంది. పూర్వం సుల్తాను ఫౌజు వచ్చి చుట్టుముట్టినప్పుడు ఊరి పటేలు కోట దర్వాజకు అడ్డంగా నిలబడి ప్రాణమిచ్చాడని మావాళ్లు చెప్పుకుంటారు. దసరాకు ఆ బురుజుకు పూలదండ వేస్తారు. మా ఆయన నవలలో ఆ పటేలు చావడు. లోపల నుంచి తనే దర్వాజ తీస్తాడు. ఊరి పేరు కూడా మార్చకుండా అచ్చేశారు.

ఊళ్లో ఒకడు చదివి పదిమందికి చెప్పాడు. చదివిన పుస్తకం మీద కోపం వస్తే కొంచెం తగ్గుతుంది కూడా. చదవని పుస్తకం మీద వచ్చిందే తగ్గదు.

అదే ఏడు ఊళ్లో కొత్త బొడ్రాయి నిలబెడుతున్నారు. ఊరి నడిబొడ్డున రాయి నిలిపే ఆ పండుగకు పెళ్లై వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. మేం బిందెలతో నీళ్లు తెచ్చి రాయికి పోయాలి. తర్వాత ఎవరి తల్లిగారింట్లో వాళ్లకు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు కూతురి ఒళ్లో పోసి చల్లగా ఉండమని పంపడం. దానికి మొగుడూ పెళ్లామూ పక్కపక్కనే పీటల మీద కూర్చోవాలి. విదేశాల్లో తిరుగుతూ నేను ఎన్నో ఒడిబియ్యాలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు తల్లిగారింట్లో మిగిలింది అన్న, వదిన. వాళ్లకు పిల్లల్లేరు. అన్నకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పూర్తిగా పడిపోయింది, రెండోది వణుకుతుంది. ఇదే ఆఖరు ఒడిబియ్యమని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, ఊరి కమిటీల మాట్లాడిండ్రు. ఆడబిడ్డ రావొచ్చు, అల్లుడు రావొద్దంటున్నరు. వస్తే అందరి ముంగట తప్పు రాసిన్నని చెప్పాలెనంట."

"లేకుంటే ఏం జేస్తరన్నా?"

"నా ఇంటికి ఎవ్వలు రారు. రేపు వరి కోతకు కూలోళ్లను గూడ రానియ్యరు. నేనేం జేసేది చెప్పు?"

మా జిల్లాలో ఊరి కమిటీ మాటంటే అంతే, పోలీసు మాటకన్నా బరువు. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. బతికున్న మొగుణ్ణి ఇంట్లో పెట్టి ఒంటిగా పీట మీద కూర్చోవడమేమిటని అన్నే ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మా ఆయన మీద అరిచాను. "పటేలు తియ్యలేదని చెప్పేయండి, మీ సొమ్మేం పోతుంది?" అన్నాను. ఆయన "చూద్దాం" అన్నారు. ఆ మాటకు ఇంకా మండింది.

బొడ్రాయి రోజు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. నేను నీళ్లు పోసి వచ్చేసరికి షామియానా కింద కమిటీ కూర్చుంది. అన్నను కుర్చీలో కూర్చోబెట్టారు. మా ఆయన జేబులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. గ్రామ ప్రజల మనోభావాలకు ఏ మేరకైనా ఇబ్బంది కలిగి ఉన్నట్లయితే, ఆ మేరకు రచయిత తన విచారాన్ని... సిగ్గుతో చచ్చిపోయాను. చదవడం అయిపోయింది. తప్పు ఒప్పుకున్నారో లేదో ఎవరికీ అర్థం కాలేదు.

ముందు వరుసలో బీడీలు చేసే ముసలవ్వ ఒకామె కూర్చుంది. మా అమ్మకు దోస్తు. ఆమె చెయ్యెత్తింది. "అల్లుడా, గదంత నాకు సమజ్ గాలే. పటేలు దర్వాజ తీసిండా, తియ్యలేదా? గది చెప్పు."

మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాకు దెల్వదవ్వా. సూసినోళ్లు ఎవ్వలు లేరు. గని లోపట పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు, బయట ఫౌజు కదలకుంట నిలవడ్డది. నేనైతే తీస్తుంటి. అందుకే గట్ల రాసిన."

వేల్పూర్ దగ్గర పసుపు చేలల్లో పెరిగిన మనిషి తెలుగు అది. పెళ్లైన కొత్తలో విన్నాను, మళ్లీ అప్పుడే వినడం. ఇక అయిపోయింది, మమ్మల్ని ఊరు దాటిస్తారనుకున్నాను. వెనక నుంచి ఒకతను లేచి "మా పటేలును పిరికోన్ని జేస్తరా?" అని అరిచాడు.

ముసలవ్వ అటు తిరిగింది. "నువ్వు కూసో బిడ్డా. పిల్లలు సచ్చినంక దర్వాజ ఎవ్వల కోసం? నేనైనా తీస్తుంటి."

ఇద్దరు ముగ్గురు కోపంగా లేచి వెళ్లిపోయారు. చివరికి కమిటీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "సరే అల్లుడుసాబ్. పొయ్యి పీట మీద కూసోండ్రి. గని మల్ల అచ్చేసినప్పుడు మా ఊరి పేరు తీసేయాలె." మా ఆయన తలూపారు. నాకు అది చాలు. అంతకన్నా తక్కువకైనా ఒప్పుకునేదాన్ని.

అన్న ఇంట్లో పీటలు వేశారు. కమిటీవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. నేను కొంగు పట్టాను. అన్న దోసిలి పట్టలేడు కాబట్టి వదిన అతని చెయ్యి పట్టుకోబోయింది. వద్దన్నాడు. వణికే చేత్తోనే బియ్యం తీసి పోశాడు. ఒళ్లో ఎన్ని పడ్డాయో కిందా అన్నే పడ్డాయి. ఎవరూ తొందరపెట్టలేదు. మా ఆయన పీట మీద నుంచే వంగి, కింద పడ్డ గింజల్ని ఏరి నా కొంగులో వేశారు.

ఆఖరి పిడికిలి పోశాక అన్న ఆయన వైపు చూశాడు. కమిటీవాళ్లు వినేలాగే అన్నాడు.

"బావా, ఊరి పేరు తియ్యకుండ్రి. నేను పోయినంక మా చెల్లెకు ఈ ఊళ్లె ఇల్లుండది, ఒడి వోసేటోడుండడు. మీ పుస్తకంలనన్న ఆమెకు తల్లిగారి ఊరుండనీ."

ఒడిబియ్యం పోసేటప్పుడు ఆడబిడ్డ ఏడవకూడదంటారు. నేను ఏడ్చాను.